గుర్రుపెట్టి నిద్రించే పసివాడు

మన వాడుకలో ‘గుర్రుపెట్టి నిద్రపోయాడు’ అంటే ఏ చీకూ చింతా లేక, ఒళ్లు మరచి నిద్రించాడని అర్థం. భాషలోనే ఈ భావం పాతుకుపోయినందువల్ల కాబోలు, గురకను మనం సుఖనిద్రకు గుర్తుగానే పరిగణిస్తాము. పెద్దల గురక పక్కవారికి బాధ. పిల్లల గురక అందరికీ ముచ్చట. మా ఇంట్లోనూ అంతే జరిగింది. మా అబ్బాయి మూడో ఏట నుంచీ గురక పెట్టేవాడు. ‘అచ్చం తాతగారి పోలికే’ అని మా అమ్మ మురిసిపోయేది. పండుగకు బంధువులందరూ చేరి, హాలులో వరుసగా పక్కలు వేసుకొని పడుకొన్న రాత్రి, ఆ చిన్న ప్రాణి నుంచి వస్తున్న చప్పుడు విని వాడికి కుంభకర్ణుడని పేరు కూడా పెట్టారు. ఆ పేరుకు అందరితోపాటు నేనూ నవ్వాను.

నేను వైద్యుణ్ని కాను. కంప్రెసర్ల మరమ్మతు నా వృత్తి. మా అబ్బాయికి చికిత్స జరిగిన కాలంలో డాక్టర్లను అడిగీ, చదివీ తెలుసుకొన్న సంగతులే ఈ వ్యాసంలో ఉన్నాయి. మేము రెండేళ్లు ఆలస్యంగా తెలుసుకొన్నాము. పసిపిల్లలున్న సహోద్యోగులకు ఆ ఆలస్యం జరుగకూడదన్న ఉద్దేశంతో ఈ పుటలలో వ్రాస్తున్నాను.

మనలో షిఫ్టు డ్యూటీలు చేసేవారి సంగతి తెలిసిందే. సి షిఫ్టు వారంలో రాత్రి ఇంట్లో ఉండము. బి షిఫ్టు ముగించుకొని పదకొండు గంటలకు ఇల్లు చేరి, భోంచేసి పడుకొంటే మన నిద్ర మనకే తెలియదు. ఎ షిఫ్టు అయితే తెల్లవారుజామున నాలుగున్నరకే లేవాలి. అందువల్ల పిల్లవాడు ఎలా నిద్రపోతున్నాడో ఐదేళ్లు నిండేవరకూ నేను నిజంగా చూడనే లేదు. 2021 డిసెంబరులో మా అత్తగారికి సుస్తీ చేయడంతో నా శ్రీమతి చంటిబిడ్డను తీసుకొని పుట్టింటికి వెళ్లింది. పిల్లవాడికి బడి ఉండడంతో వాడూ, నేనూ ఇంట్లో మిగిలాము. ఒక రాత్రి నాకు పంటిపోటు పట్టుకొంది. రెండు గంటలప్పుడు లేచి కూర్చొని, ఏమీ తోచక వాడి వంక చూస్తూ ఉన్నాను.

తల వెనక్కు వాల్చి, మెడ నిక్కించి, నోరు తెరచుకొని పడుకొన్నాడు. గురక సాగుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. హమ్మయ్య, నిద్ర కుదురుకొందనుకొన్నాను. కాని ఛాతీ ఎగసిపడుతూనే ఉంది. గొంతు కింది గుంట లోతుగా లోపలికి పోతోంది. పక్కటెముకల నడుమ చర్మం లోపలికి లాక్కుపోతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. గాలి లేదు. గోడగడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ పన్నెండు వరకు లెక్కించాను. అప్పుడు ఒక్కసారిగా పెద్దగా ఎగపీల్చి, ఒళ్లు విదిల్చి, పక్కకు దొర్లి, మళ్లీ గురక ప్రారంభించాడు. తెల్లవారేలోపు ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టడం మానుకొన్నాను. పంటిపోటు సంగతి మరచిపోయాను.

పగలు వాడి తీరు వేరుగా ఉండేది. ఉదయం లేపడమంటే యుద్ధమే. నోరెండిపోయి లేచేవాడు, తలగడ చెమటతో, చొంగతో తడిసి ఉండేది. మూడో ఏట మానేసిన పక్క తడపడం ఐదో ఏట మళ్లీ మొదలైంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని గంటసేపు నమిలేవాడు. నోరు మూసుకొని నమిలితే ఊపిరి ఆడదని మాకు తట్టలేదు. బడిలో ఒకచోట కూర్చోడనీ, చెప్పింది వినడనీ, పలకమీద పెట్టిన అక్షరం మరునాటికి మరచిపోతాడనీ ఉపాధ్యాయిని ఫిర్యాదు. కరోనా కాలంలో బడులు మూతబడి, పిల్లలందరూ వెనుకబడిన రోజులవి. మావాడి మందకొడితనాన్నీ ఆ ఖాతాలోనే వేశాము. పిలిస్తే పలకనందుకు, పక్క తడిపినందుకు, ‘అ’ తరువాత ‘ఆ’ చెప్పలేనందుకు నేను చేయి చేసుకొన్న సందర్భాలున్నాయి. ఇది వ్రాయకుండా మిగిలినదంతా వ్రాయడం న్యాయం కాదనిపించింది.

గొట్టమూ, గాలీ

మన ప్లాంటులో పనిచేసేవారికి ఈ వ్యాధి లక్షణం అర్థం కావడం కష్టమేమీ కాదు. పీల్చే లైనుకు, అంటే సక్షన్ లైనుకు, మెత్తని రబ్బరు గొట్టం వాడరాదని అందరికీ తెలుసు. లోపల పీడనం తగ్గగానే గొట్టం గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందుకే తీగ చుట్టిన గొట్టం వాడతాము. మనిషి శరీరంలో స్వరపేటిక కింద ఉండే శ్వాసనాళానికి మృదులాస్థి చుట్లు ఆ తీగవలె ఆధారమిస్తాయి. ముక్కు లోపలి దారికి ఎముక ఆధారం ఉంది. కాని ముక్కు వెనుకనుంచి స్వరపేటిక వరకు ఉన్న గొంతు భాగానికి అటువంటి గట్టి చట్రం లేదు. దానిని తెరచి ఉంచేవి కండరాలే. మేలుకొని ఉన్నంతసేపు అవి బిగువుగా ఉంటాయి, నిద్రపట్టగానే సడలుతాయి. పగలు డాక్టరు ముందు కూర్చొన్న పిల్లవాడు చక్కగా ఊపిరి తీస్తూ కనిపించడానికి కారణమిదే. వ్యాధి రాత్రి ఉంటుంది, పరీక్ష పగలు జరుగుతుంది.

ఈ మెత్తని దారిలో పసిపిల్లలకు రెండు అడ్డంకులు ఏర్పడతాయి. నోరు తెరిస్తే గొంతుకు రెండు వైపులా కనిపించేవి టాన్సిల్స్. అంగిలికి పైన, ముక్కు వెనుక గోడకు అంటుకొని, నోరెంత తెరిచినా కనిపించనిది అడినాయిడ్ గ్రంథి. రెండూ రోగనిరోధక కణజాలమే. పీల్చే గాలిలో, తినే ఆహారంలో వచ్చే క్రిములను గుర్తుపట్టడం వాటి పని. ముఖం ఎముకలు పెరిగే వేగంకన్నా ఇవి పెరిగే వేగం మూడు నుంచి ఆరేళ్ల వయసులో ఎక్కువగా ఉండడంవల్ల దారి ఇరుకవుతుంది. యుక్తవయసు వచ్చేసరికి అడినాయిడ్ చాలావరకు కుంచించుకుపోతుంది. ‘పెద్దయితే పోతుందిలే’ అన్న మాటలో నిజం లేకపోలేదు. పెద్దయ్యేలోపు గడచిన వందలాది రాత్రుల మాటేమిటన్నదే ప్రశ్న.

గొట్టం లెక్క ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ప్రవాహం సాఫీగా సాగినంతవరకు, గొట్టం వ్యాసార్ధం సగమైతే నిరోధం రెండింతలు కాదు, 16 రెట్లు అవుతుంది. పెద్దవారి గొంతులో ఒక మిల్లీమీటరు వాపు లెక్కలోకి రాదు. మూడేళ్ల పిల్లవాడి గొంతులో అదే వాపు పెద్ద అవరోధం. ఇరుకు దారిలో గాలి వేగంగా పోతూ అంగిలి వెనుకనున్న మెత్తని భాగాన్ని, కొండనాలుకను కదిలించినప్పుడు వచ్చే చప్పుడే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడు ఉండదు. ఆ నిశ్శబ్దమే నేను విని సంతోషించినది.

ఇదేమీ కొత్తగా కనుగొన్న విషయం కాదు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌కు చెందిన విల్‌హెల్మ్ మేయర్ అనే వైద్యుడు ముక్కు వెనుక పెరిగే ఈ అడినాయిడ్ల గురించి 1868లోనే వివరించాడు. లండన్ వైద్యుడు విలియం హిల్ 1889లో, చదువులో వెనుకబడిన పిల్లలు కొందరిలో కారణం బుద్ధిలో కాక, గురకలోనూ నోటి శ్వాసలోనూ ఉందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశాడు. ఆ తరువాత ఈ విషయం చాలాకాలం మరుగున పడింది. నిద్రలో పిల్లలకు ఊపిరి ఆగడాన్ని క్రిస్టియన్ గిల్‌మినో బృందం అమెరికాలో నిద్రపరీక్షలతో నమోదు చేసి ప్రచురించింది 1976లో. 1889లో ఒక వైద్యుడు వ్రాసిపెట్టిన మాట 2021లో మా ఇంటికి చేరలేదన్నది తలచుకొంటే విచిత్రంగా తోస్తుంది.

నోటితో ఊపిరి తీస్తే ఏమవుతుంది?

ముక్కు కేవలం రంధ్రం కాదు. మన కంప్రెసర్‌కు ఫిల్టరు, హీటరు ఎటువంటివో శరీరానికి ముక్కు అటువంటిది. లోపలికి వచ్చే గాలిని వడకట్టి, వెచ్చచేసి, తేమ చేర్చి పంపుతుంది. ముక్కు పక్కనున్న సైనస్ గదులలో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ గాలితోపాటు ఊపిరితిత్తులకు చేరి, అక్కడి రక్తనాళాలు విప్పారడానికి తోడ్పడుతుంది. నోటికి ఈ ఏర్పాట్లేవీ లేవు. నోటితో ఊపిరి తీసే పిల్లలకు పెదవులు పగులుతాయి, ఉదయం నోరు దుర్వాసన వేస్తుంది, లాలాజలం ఆరిపోవడంవల్ల దంతాలు, చిగుళ్లు త్వరగా చెడతాయి.

నోరు మూసి ఉన్నప్పుడు నాలుక అంగిలికి ఆనుకొని, పైదవడ వెడల్పుగా పెరగడానికి లోపలినుంచి ఒత్తిడినిస్తుంది. ఏళ్ల తరబడి నోరు తెరచే ఉంటే నాలుక కిందికి దిగిపోతుంది. అంగిలి ఇరుకై, పైకి గుమ్మటంలాగా లేస్తుంది. వచ్చే పళ్లకు చోటు చాలక ఒకదానిపైన ఒకటి వస్తాయి. ముఖం పొడవుగా సాగినట్టు, కళ్లు నిద్రమత్తులో ఉన్నట్టు కనిపిస్తాయి. దీనిని వైద్యులు అడినాయిడ్ ముఖమంటారు. ముఖం తీరులో వంశపారంపర్యం పాలు కూడా ఉంటుంది గనుక, పళ్లు ఎగుడుదిగుడుగా వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఇదే కారణమని అనుకోరాదు.

నోటి శ్వాసకు అడినాయిడ్ ఒక్కటే కారణం కాదు. ఎలర్జీవల్ల ముక్కు లోపలి పొర నిత్యం వాచి ఉండే పిల్లలు మన టౌన్‌షిప్‌లలో చాలామంది. అరచేతితో ముక్కును కిందనుంచి పైకి పదే పదే తుడుచుకోవడం, కళ్ల కింద నల్లని చారలు, పొద్దున్నే వరుస తుమ్ములు దీని గుర్తులు. పరుపులో, తలగడలో నివసించే కంటికి కనపడని దుమ్ము పురుగులు, బొద్దింకలు, సిగరెట్టు పొగ ఇందుకు దోహదం చేస్తాయి. కిటికీలు మూసి, దోమల చుట్ట వెలిగించి, పిల్లలను ఆ గదిలో పడుకోబెట్టే అలవాటు మనకుంది. దోమతెర కొంత శ్రమ అయినా ఎంతో మేలు. ఇక ఒక్క ముక్కురంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే పూసో, చింతగింజో, బలపం ముక్కో లోపల ఇరుక్కొని ఉండవచ్చు. ఆటబొమ్మల్లో ఉండే బటన్ సెల్ ముక్కులోకి పోయినట్టు అనుమానం వస్తే మరునాటికి వాయిదా వేయరాదు. కొద్ది గంటల్లోనే అది లోపలి గోడను కాల్చివేయగలదు.

మా అబ్బాయి విషయంలో మేము ఊహించని సంగతి చెవి. ముక్కు వెనుకనుంచి మధ్య చెవికి గాలి చేరవేసే సన్నని నాళం ఉంటుంది. అడినాయిడ్ దాని ముఖద్వారాన్ని అడ్డుకొంటే మధ్య చెవిలో జిగట ద్రవం నిలిచిపోతుంది. నొప్పి ఉండదు, చీము కారదు. వినికిడి మాత్రం తగ్గుతుంది. పిలిస్తే పలకడని నేను కోపించిన పిల్లవాడికి నా పిలుపు సరిగా వినిపించడం లేదు.

నిద్ర చెడితే పెద్దవారు పగలు తూలుతారు. పసిపిల్లలలో చాలామంది అలా కాదు. చిరాకుపడతారు, మంకుపట్టు పడతారు, ఒకచోట నిలువరు. నిద్రలేమి అల్లరి రూపంలో కనపడుతుంది గనుకనే అది నిద్రలేమి అని ఎవరికీ తట్టదు. గాఢనిద్రలో ఎక్కువగా ఊరే ఎదుగుదల హార్మోను కూడా ఇటువంటి పిల్లలలో తగ్గవచ్చు. ఊపిరి కోసం రాత్రంతా చేసే శ్రమ దానికి తోడవుతుంది. వ్యాధి తీవ్రంగా ఉండి ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే రక్తపోటు పెరగడం, గుండె కుడిభాగంపై భారం పడడం కూడా ఉన్నాయి.

ఎవరు భయపడాలి?

ఇంతవరకు చదివి, ఈ రాత్రే పిల్లల పక్కన కూర్చొని బెంగపడవలసిన పని లేదు. జలుబు చేసినప్పుడు వారం రోజులు గురక పెట్టడం సహజం. నూరుమంది పిల్లల్లో సుమారు పదిమంది తరచుగా గురక పెడతారు. నిద్రలో ఊపిరికి నిజంగా అవరోధం కలిగే వ్యాధి ఉండేది ఒకరి నుంచి ఐదుగురి వరకు మాత్రమే. గురక పెట్టేవారిలో అధికులకు శస్త్రచికిత్స అవసరమే లేదన్నమాట. కాని జలుబు లేకుండానే వారంలో మూడు, నాలుగు రాత్రులకు మించి, నెలల తరబడి గురక వస్తున్నా, మధ్యలో ఊపిరి ఆగి ఎగపీల్చుతున్నా, ఛాతీ లోపలికి పోతున్నా, కూర్చొనో మెడ వెనక్కు విరిచో నిద్రిస్తున్నా, మానిన పక్క తడపడం మళ్లీ మొదలైనా వైద్యుణ్ని సంప్రదించవలసిందే. స్థూలకాయులైన పిల్లల విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకైతే, గురక వినిపించకపోయినా, నాలుగేళ్లలోపు నిద్రపరీక్ష చేయించాలని నిపుణుల సలహా. నెలల పసికందు ఊపిరి పీల్చేటప్పుడు కూత వంటి ధ్వని వస్తే అది గురక కాదు, వేరే విషయం. ఆలస్యం చేయక చూపించాలి.

నేను మొదటిసారి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ‘రాత్రిళ్లు గురక పెడుతున్నాడండీ’ అని మాత్రమే చెప్పగలిగాను. ఎదురుగా పిల్లవాడు ఆడుకొంటున్నాడు. జలుబు మందు వ్రాసి పంపారు. తప్పు వారిది కాదు. నేను చూపించింది ఏముంది? రెండవసారి సెల్‌ఫోనులో తీసిన వీడియోతో చెవి, ముక్కు, గొంతు నిపుణుని దగ్గరకు వెళ్లాను. రెండు నిమిషాల ఆ వీడియో చూసి ఆయన చెప్పిన మొదటి మాట, ‘ఇది తెచ్చి మంచి పని చేశారు.’ కనుక ఆ పద్ధతి వ్రాస్తాను. గదిలో దీపం వెలిగించి, పిల్లవాడి చొక్కా తీసి, ముఖమూ ఛాతీ పొట్టా ఒకేసారి కనపడేటట్టు, చప్పుడు వినపడేటట్టు ఒకటి రెండు నిమిషాలు తీయాలి. తెల్లవారుజామున తీస్తే మేలు. కలలు వచ్చే నిద్ర అప్పుడే ఎక్కువ, కండరాల సడలింపూ అప్పుడే ఎక్కువ.

ఆ నిపుణుడు ముక్కులోంచి సన్నని దుర్బిణి గొట్టం పంపి అడినాయిడ్ చూశారు. కొన్నిచోట్ల మెడ పక్కనుంచి ఎక్స్‌రే తీస్తారు. చెవి పరీక్ష చేయించారు. ఎత్తు, బరువు వ్రాసుకొన్నారు. తరువాత నిద్రపరీక్ష. ఒక రాత్రంతా తలకు, ఛాతీకి, వేలికి తీగలు అమర్చి, శ్వాసను, రక్తంలో ఆమ్లజనిని, మెదడు తరంగాలను నమోదు చేస్తారు. ఈ సదుపాయం పెద్ద నగరాలలోనే ఉంది. అన్ని కేసులలోనూ తప్పనిసరి కాదు, వైద్యుడే నిర్ణయిస్తాడు. పెద్దవారికి గంటకు ఐదుసార్లలోపు ఊపిరికి ఆటంకం కలిగితే సాధారణమే అంటారు. పిల్లలలో గంటకు ఒకటి దాటితేనే అసాధారణం. మావాడికి తొమ్మిది.

మందులూ, కత్తీ

తేలికపాటి కేసులకు ముక్కులో కొట్టే స్టిరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు వాడి చూస్తారు. అడినాయిడ్ కొంత తగ్గుతుంది. ఉప్పునీటి చుక్కలు ముక్కును శుభ్రపరుస్తాయి, హాని లేదు. ముక్కు దిబ్బడను క్షణంలో వదిలించే చుక్కలను మాత్రం వైద్యుడు చెప్పిన కొద్ది రోజులకు మించి వాడరాదు. ఆపగానే దిబ్బడ రెట్టింపై తిరిగి వస్తుంది. ఎలర్జీకి ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్ర కొందరు పిల్లలలో పీడకలలు, ప్రవర్తనలో మార్పు కలిగించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. పక్కింటి పిల్లవాడికి పనిచేసిందని మందుల దుకాణంలో కొని వేయదగినది కాదు.

మా అమ్మ తన పద్ధతులు తాను చెప్పింది. నలుగు పెట్టి తలంటేటప్పుడు పసిబిడ్డ ముక్కులో రెండు చుక్కల నూనె వేయడం మనవైపు ఉన్నదే. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకం న్యుమోనియా వస్తుందని డాక్టరుగారు వివరించినప్పుడు, ‘నిన్నూ అలాగే పెంచానురా’ అని నొచ్చుకొంది. తరువాత మానేసింది. ఆవిరి పట్టించబోయి వేడినీళ్లు ఒలికి కాలిన పిల్లలూ ఉన్నారు. ఈమధ్య నిద్రలో నోటికి పట్టీ అంటించే వింత ఆచారం ఫోన్లలో ప్రచారమవుతోంది. ముక్కుదారి మూసుకుపోయిన పిల్లవాడికి నోటిదారి కూడా మూయడమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

మా అబ్బాయికి టాన్సిల్స్, అడినాయిడ్ తీసివేయాలన్నారు. శస్త్రచికిత్స అనగానే నేను వెనుకాడాను. ‘టాన్సిల్స్ తీస్తే రోగనిరోధక శక్తి పోతుంది’ అని ఒకరు, ‘గొంతు మారిపోతుంది’ అని ఒకరు. ఆ పని చేసే కణజాలం గొంతులోనూ శరీరమంతటా ఇంకా ఉంటుందనీ, గొంతులో వచ్చే స్వల్ప మార్పు సాధారణంగా కొద్ది వారాల్లో సర్దుకొంటుందనీ డాక్టరుగారు ఓపికగా చెప్పారు. 2013లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలన గురించి కూడా ఆయనే చెప్పారు. నిద్రలో శ్వాసకు అవరోధమున్న ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 464 మందిలో కొందరికి వెంటనే శస్త్రచికిత్స చేసి, కొందరిని ఏడు నెలలు కనిపెట్టి ఉన్నారు. శస్త్రచికిత్స జరిగినవారిలో 79 శాతానికి నిద్రపరీక్ష మామూలైంది. జరగనివారిలోనూ 46 శాతానికి దానంతటదే మామూలైంది. ప్రవర్తన, నిద్ర, జీవన సౌఖ్యం శస్త్రచికిత్స పొందినవారిలో బాగా మెరుగుపడ్డాయి. ఏకాగ్రత పరీక్షల మార్కులలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ చివరి మాట ఆయన దాచకుండా చెప్పినందువల్లనే నాకు నమ్మకం కుదిరింది. వేచి చూడడం కూడా ఒక మార్గమే. అయితే వినికిడి తగ్గి, బరువు పెరగని మావాడి విషయంలో ఆయన ఆ సలహా ఇవ్వలేదు.

కంపెనీ ఆసుపత్రి నుంచి రెఫరల్ లేఖ తీసుకొని, 2022 మార్చిలో నగరంలో శస్త్రచికిత్స చేయించాము. కంపెనీ సదుపాయం లేని బంధుమిత్రులకు హైదరాబాదు కోఠీలోనూ, విశాఖపట్నంలోనూ ప్రత్యేకంగా చెవి, ముక్కు, గొంతు ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్న సంగతి చెప్పవచ్చు.

ఆ తరువాతి పది రోజులు తల్లిదండ్రులకు పరీక్షే. గొంతునొప్పి, దానితో చెవిపోటు ఉంటాయి. టాన్సిల్స్ తీసినచోట తెల్లని పొర కడుతుంది. అది చీము కాదు. నీళ్లు తాగించడమే ముఖ్యం, నొప్పి అని తాగకపోతే గొంతు ఎండి నొప్పి హెచ్చుతుంది. రక్తస్రావం మొదటి రోజునో, మళ్లీ ఐదు నుంచి పది రోజుల మధ్యనో రావచ్చు. నిద్రలో పిల్లవాడు మాటిమాటికీ గుటకలు వేస్తున్నా, ఎర్రని రక్తం కనిపించినా తెల్లవారేవరకు ఆగక ఆసుపత్రికి తీసుకుపోవాలి. అందుకే సెలవు దొరికింది గదా అని ఆ రెండు వారాల్లో సొంత ఊరికి ప్రయాణం పెట్టుకోవద్దు. నొప్పికి డాక్టరు వ్రాసినదే వాడాలి. కోడీన్ కలిసిన మందులవల్ల ఈ శస్త్రచికిత్స తరువాత కొందరు పిల్లలు ఊపిరి మందగించి మరణించడంతో, 2013లో అమెరికాలో వాటిని ఈ సందర్భంలో పిల్లలకు వాడరాదని ప్రకటించారు. ఐస్‌క్రీమ్ విషయంలో మాత్రం మావాడు డాక్టరుగారి మాటను అక్షరాలా పాటించాడు.

శస్త్రచికిత్సతో అందరికీ పూర్తిగా నయమవుతుందని చెప్పలేము. స్థూలకాయం ఉన్నవారికి, వ్యాధి మొదట తీవ్రంగా ఉన్నవారికి కొన్ని నెలల తరువాత మళ్లీ పరీక్షిస్తారు. మిగిలిన అవరోధానికి నిద్రలో గాలిని ఒత్తిడితో పంపే యంత్రమో, అంగిలిని వెడల్పు చేసే దంతవైద్యుని పరికరమో అవసరం కావచ్చు.

ఇల్లు చేరిన తరువాత వాపు తగ్గడానికి కొన్ని రోజులు పట్టింది. పన్నెండవ రాత్రి కాబోలు, చప్పుడు బొత్తిగా లేదు. అలవాటు తప్పిన ఆ నిశ్శబ్దానికి నా శ్రీమతికి మెలకువ వచ్చింది. కంగారుపడి వాడి ముక్కు దగ్గర అరచేయి పెట్టింది. తరువాత నన్ను లేపి, ఏమీ చెప్పకుండా, నా చేయి తీసుకొని అక్కడ ఉంచింది. పెదవులు మూసి ఉన్నాయి. వెచ్చని గాలి వేళ్లకు తగులుతోంది.

రెండు నెలల్లో పక్క తడపడం ఆగింది. చెవిలో ద్రవం తగ్గి, పక్కగదిలోంచి పిలిచినా పలుకుతున్నాడు. ఆ ఏడాది బట్టలన్నీ పొట్టి అయ్యాయి. చదువులో ముందున్నాడని చెప్పలేను. లెక్కలు ఇప్పటికీ అంతంత మాత్రమే, అందులో తండ్రి పోలిక కొంత ఉండవచ్చు. ఉదయం మాత్రం వాడే ముందు లేచి, ఎ షిఫ్టుకు వెళ్లే నాకు గేటు తీస్తున్నాడు.

మా అమ్మాయికి ఇప్పుడు ఐదో ఏడు. మొన్న వర్షాకాలంలో తానూ గురక మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ పేర్లు పెట్టలేదు. వారం రోజులు చూసి, వీడియో తీసి పట్టుకువెళ్లాము. అడినాయిడ్ కొంచెమే పెరిగిందనీ, ఎలర్జీ ఎక్కువగా ఉందనీ చెప్పి స్ప్రే ఇచ్చారు. పరుపు ఎండలో వేస్తున్నాము, దోమల చుట్ట మానివేశాము. గురక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. వచ్చే నెల మళ్లీ చూపించాలి.